కాలువా చూడాలి, చేనూ చూడాలి

(తెనాలిలో ఒక ఆదివారం ఉదయం ఊరి పెద్దల ముందు ఒక గుండె వైద్యుడు చేసిన ప్రసంగం. చివర్లో వచ్చిన ప్రశ్నల్లో రెండింటిని ఉంచాం.)

అందరికీ నమస్కారం. పొద్దున్నే నడక ముగించుకుని, టిఫిన్ కూడా చేయకుండా నేరుగా ఇక్కడికి వచ్చిన పెద్దలు చాలామంది కనిపిస్తున్నారు. అందుకే ఉపోద్ఘాతం లేకుండా విషయంలోకి వస్తాను.

నేను ఎండీ చదువుతున్న రోజుల్లో మా మేనమామకి 54 ఏళ్లు. మెట్లెక్కితే ఛాతీలో కాస్త బరువుగా ఉంటోందని ఒక ఆసుపత్రికి వెళ్లాడు. ట్రెడ్‌మిల్ మీద నడిపించారు. తొమ్మిది నిమిషాలు నడిచాడు. ఈసీజీలో తేడా ఏమీ రాలేదు. టీఎంటీ నెగెటివ్ అని రాసిచ్చారు. ఆ కాగితాన్ని ఇంట్లో అందరికీ చూపించి సంతోషపడ్డాడు. మందులు రాయలేదు, సిగరెట్టు మానమని గట్టిగా చెప్పినవాళ్లూ లేరు. నాలుగు నెలల తర్వాత ఒక తెల్లవారుజామున గుండెపోటు వచ్చింది. ఆసుపత్రికి చేరేలోపే పోయాడు.

ఆ కాగితం చాలా ఏళ్లు నా దగ్గరే ఉంది. గుండె డాక్టరునయ్యాక ఎన్నోసార్లు తీసి చదివాను. అందులో తప్పేమీ లేదు. ఆ రోజు, ఆ నడకకి, ఆయన గుండె కండకి సరిపడా రక్తం అందింది. ట్రెడ్‌మిల్ చూసేది అంతవరకే. రక్తనాళం గోడలో ఏం పేరుకుందో చూడాలంటే వేరే పరీక్ష కావాలి. అప్పట్లో అది మన దగ్గర లేదు. ఇప్పుడు ఉంది. కానీ పరీక్షలు పెరిగినకొద్దీ ఇంకో కష్టం వచ్చింది. ఏది ఎవరికి, ఏది ముందు, ఏది తర్వాత అన్నది ఆలోచించకుండా అన్నీ ఒక ప్యాకేజీలో కట్టి చేయిస్తున్నారు, లేదా ఒక్కటి చేసి చాలనుకుంటున్నారు. కత్తి పెట్టకుండా, నాళంలోకి గొట్టం పంపకుండా తీసే ఈ బొమ్మల్ని ఎలా కలిపి చదవాలి అన్నదే ఇవాళ నేను చెప్పాలనుకున్న విషయం.

మీరంతా డెల్టా వాళ్లు. మీకు తెలిసిన సంగతితోనే మొదలుపెడతాను. ప్రకాశం బ్యారేజీ దగ్గర నీళ్లు వదులుతారు. పెద్ద కాలువ, దాని నుంచి పిల్ల కాలువలు, వాటి నుంచి పంట బోదెలు, బోదె నుంచి చేను. గుండెలోనూ అంతే. బృహద్ధమని మొదట్లోనే కుడి, ఎడమ అని రెండు నాళాలు బయల్దేరతాయి. ఎడమది కాస్త దూరం పోయి మళ్లీ రెండుగా చీలుతుంది. వీటినే కరోనరీ ధమనులంటాం. ఇవి గుండె పైపొర మీద పాకుతూ పోయి, సన్నటి కొమ్మలుగా కండలోకి దిగుతాయి. నాళం కాలువ, కండ చేను.

కాలువ సంగతి తెలుసుకోవాలంటే ఏం చేస్తాం? గట్టు వెంట నడుచుకుంటూ పోయి, పూడిక ఎక్కడుందో, గుర్రపుడెక్క ఎక్కడ పేరుకుందో చూస్తాం. లేదా నేరుగా రేపల్లె, నిజాంపట్నం వైపు చివరి పొలాలకి వెళ్లి చేను తడిసిందా లేదా చూస్తాం. గట్టు వెంట నడిచినవాడికి పూడిక కనిపిస్తుంది, దానివల్ల చేను ఎండుతోందో లేదో తెలియదు. చేను చూసినవాడికి నీళ్లు అందడం లేదని తెలుస్తుంది, ఎక్కడ అడ్డంపడిందో తెలియదు. ఇంకొకటి కూడా ఉంది. ఈ రోజు చేను పచ్చగా ఉన్నా, పైన ఎక్కడో గట్టు లోపల గుల్లబారి ఉండొచ్చు. ఒక రాత్రి అది విరిగి కాలువలోకే పడిపోతే నీళ్లు పూర్తిగా ఆగిపోతాయి. మా మేనమామకి జరిగింది బహుశా అదే.

గుండె పరీక్షలన్నీ ఈ రెండు జాతుల్లో ఏదో ఒకదానికి చెందుతాయి. సీటీ యాంజియో కాలువని చూస్తుంది. స్ట్రెస్ ఎకో (గుండెకి పని పెంచి తీసే అల్ట్రాసౌండ్), మీరు థాలియం టెస్ట్ అని పిలిచే న్యూక్లియర్ స్కాన్, పెట్ స్కాన్, స్ట్రెస్ ఎంఆర్ఐ ఇవన్నీ చేనుని చూస్తాయి.

ఈ రెండూ ఎందుకు ఒకే జవాబు చెప్పవు? దానికి రెండు పాత పరిశోధనల గురించి చెప్పాలి. 1974లో లాన్స్ గౌల్డ్ అనే అమెరికన్ వైద్యుడు జంతువుల నాళాలని కొద్దికొద్దిగా బిగిస్తూ రక్తం ఎంత పారుతోందో కొలిచాడు. విశ్రాంతిగా ఉన్నప్పుడు నాళం 85 శాతం దాకా బిగుసుకున్నా ప్రవాహం తగ్గలేదు. కింద ఉన్న సన్నటి నాళాలు వెడల్పై సర్దుకున్నాయి. అదే ఎక్కువ రక్తం అవసరమయ్యేలా చేసినప్పుడు, 30 నుంచి 45 శాతం బిగిసినప్పటి నుంచే లోటు కనిపించింది. నాట్లు లేని రోజుల్లో చివరి పొలానికీ నీళ్లు చాలతాయి, అందరూ ఒకేసారి నాట్లు వేసిన వారంలోనే ఎవరికి అందడం లేదో బయటపడుతుంది కదా. అందుకే మిమ్మల్ని నడిపించి గానీ, మందు ఎక్కించి గానీ పరీక్ష చేస్తాం. పడుకోబెట్టి తీసిన మామూలు ఈసీజీ, మామూలు ఎకో బాగున్నంత మాత్రాన నాళాలు బాగున్నట్టు కాదు అనేది కూడా ఇందుకే.

రెండోది 1987లో షికాగోలో సీమోర్ గ్లాగోవ్ చేసింది. చనిపోయినవాళ్ల గుండెలు 136 తీసుకుని, ఎడమ ప్రధాన నాళాన్ని, అంటే రెండుగా చీలకముందు ఉండే ఎడమ నాళాన్ని, అడ్డంగా కోసి చూశాడు. గోడలో కొవ్వు పేరుకుంటున్నకొద్దీ నాళం బయటివైపుకి ఉబ్బుతోంది, లోపలి దారి మాత్రం అలాగే ఉంటోంది. నాళం వైశాల్యంలో సుమారు 40 శాతం కొవ్వు ఆక్రమించే దాకా దారి సన్నబడడం మొదలే కాలేదు. అంటే జబ్బు ఏళ్ల తరబడి గోడలో పెరుగుతూ ఉంటుంది, రక్తం మాత్రం హాయిగా పారుతూ ఉంటుంది. ఆ కాలంలో చేనుని చూసే పరీక్ష ఏది చేసినా బాగానే ఉందంటుంది.

మన ప్రాంతం వాళ్లకి ఇది మరీ ముఖ్యం. ఇంటర్‌హార్ట్ అని 52 దేశాల్లో ఒక పెద్ద అధ్యయనం జరిగింది. అందులో మొదటి గుండెపోటు వచ్చిన వయసు దక్షిణాసియా వాళ్లలో మధ్యస్థంగా 53, మిగతావాళ్లలో సుమారు 59. మనకి ఆరేళ్లు ముందే వస్తోంది. పిల్లల చదువులు, పెళ్లిళ్లు ఇంకా మిగిలి ఉన్న వయసది.

ఇక ఒక్కొక్క పరీక్షని దగ్గరగా చూద్దాం. మామూలు యాంజియో, అంటే మణికట్టు దగ్గర గానీ తొడ దగ్గర గానీ గొట్టం పంపి డై (ఎక్స్‌రేలో నాళాలు కనిపించేలా చేసే ద్రవం) వదిలేది, 1958లో క్లీవ్‌ల్యాండ్‌లో మేసన్ సోన్స్ చేతిలో అనుకోకుండా మొదలైంది. బృహద్ధమనిలోకి వెళ్లాల్సిన డై పొరపాటున కుడి కరోనరీలోకి వెళ్లింది, రోగి బతికాడు, కొత్త దారి తెరుచుకుంది. దానికి చాలా రుణపడి ఉన్నాం. కానీ 2010లో అమెరికాలో సుమారు 4 లక్షల మంది వివరాలు చూస్తే, అంతకుముందు గుండె జబ్బు ఉందని తెలియకుండా, ఎమర్జెన్సీ కాకుండా యాంజియో చేయించుకున్నవాళ్లలో సుమారు 38 శాతం మందికే చెప్పుకోదగ్గ అడ్డు కనిపించింది. మిగతావాళ్లకి ఆ గొట్టం అవసరం లేకపోయింది. వాళ్లలో చాలామందికి అంతకుముందు ఏదో ఒక పరీక్ష చేసే ఉన్నారు. అంటే ముందు చేసిన పరీక్షలు సరిగ్గా వడపోయలేదు.

సీటీ యాంజియోలో చేతి నరంలోకి డై ఎక్కించి, కొన్ని సెకన్లు ఊపిరి బిగబట్టమంటారు. అంతే. గుండె కదులుతూ ఉంటుంది కాబట్టి, బొమ్మ చెదరకుండా ఉండాలంటే నాడి నిమిషానికి 60 దగ్గరకి రావాలి. దానికే ముందు ఒక మాత్ర ఇస్తారు. టెన్షన్ పడి వచ్చినవాళ్లకి బొమ్మ సరిగ్గా రాదు, కాబట్టి అరగంట ముందే వచ్చి ప్రశాంతంగా కూర్చోండి. కిడ్నీ సమస్య ఉన్నా, షుగరుకి మెట్‌ఫార్మిన్ వాడుతున్నా ముందే చెప్పండి.

సీటీ గొప్పతనం జబ్బు లేదని చెప్పడంలో ఉంది. నాళాలు శుభ్రంగా ఉన్నాయని సీటీ అంటే దాదాపుగా నమ్మొచ్చు. దాని బలహీనత బయటపడేది జబ్బు ఉందని చెప్పినప్పుడు. గోడలో సున్నం గట్టిపడి ఉంటే ఆ తెలుపు బొమ్మలో ఉన్నదానికంటే పెద్దగా పరుచుకుంటుంది. 40 శాతం ఉన్నది 70 శాతంలా కనిపిస్తుంది. పెద్ద వయసువాళ్లలో, షుగరు ఉన్నవాళ్లలో, డయాలసిస్ మీద ఉన్నవాళ్లలో ఇది తరచూ జరుగుతుంది.

డై లేకుండా సున్నం మాత్రమే కొలిచేది కాల్షియం స్కోరు. 1990లో ఆర్థర్ అగాట్‌స్టన్ దీని లెక్క తయారుచేశాడు. సున్నా అయితే మంచిదే. 100 దాటితే మందు మొదలుపెట్టాలని ఆలోచిస్తాం, 400 దాటితే గట్టిగా పట్టించుకుంటాం. అయితే సున్నం పట్టడానికి ఏళ్లు పడుతుంది. 40 ఏళ్ల వాడికి సిగరెట్టు, షుగరు, పైగా నడిస్తే ఛాతీ నొప్పి ఉంటే, కాల్షియం సున్నా అని ఇంటికి పంపలేం. మెత్తటి కొవ్వు దానికి కనిపించదు.

ఇక్కడ ఒక చిన్న మాట. ఊపిరితిత్తుల కోసం ఎప్పుడో తీసిన ఛాతీ సీటీ మీ దగ్గర ఉందా? కోవిడ్ సమయంలో చాలామందికి తీశారు. వాటిని పారేయకండి. గుండె కోసం తీయకపోయినా నాళాల మీద సున్నం అందులో కనిపిస్తుంది. మీ డాక్టరుకి చూపించండి. కొత్త ఖర్చు లేకుండా ఒక పరీక్ష కలిసొచ్చినట్టే.

ఇప్పుడు చేను వైపు వద్దాం. కండకి రక్తం చాలనప్పుడు అన్నీ ఒకేసారి దెబ్బతినవు, ఒక వరస ఉంది. ముందు రక్తం పంపకం తేడాపడుతుంది. తర్వాత కండ సరిగ్గా ముడుచుకోదు. ఆ తర్వాత ఈసీజీ మారుతుంది. అన్నిటికన్నా చివర నొప్పి వస్తుంది. ఈ వరస గుర్తుంటే పరీక్షల తేడా సులువుగా అర్థమవుతుంది. న్యూక్లియర్ స్కాన్, పెట్, ఎంఆర్ఐ మొదటి మెట్టులోనే పట్టుకోగలవు. స్ట్రెస్ ఎకో రెండో మెట్టుని చూస్తుంది. ట్రెడ్‌మిల్ ఈసీజీ మూడో మెట్టు దాకా ఆగుతుంది. నొప్పి వచ్చాకే డాక్టరు దగ్గరికి వెళ్తాననేవాళ్లు నాలుగో మెట్టు మీద నిలబడి ఉన్నట్టు.

న్యూక్లియర్ స్కాన్‌లో ఇప్పుడు థాలియం కన్నా టెక్నీషియం ఎక్కువ వాడతాం. దాని సగం ఆయువు, అంటే దాని శక్తి సగానికి తగ్గే సమయం, 6 గంటలు. నరంలోకి ఎక్కిస్తే రక్తం పోయినచోటికల్లా పోయి కండలో నిలుస్తుంది, కెమెరా దాన్ని చూస్తుంది. ఒకసారి విశ్రాంతిలో, ఒకసారి శ్రమలో తీసి పక్కపక్కన పెట్టి చూస్తాం. శ్రమలో మాత్రమే వెలితి కనిపిస్తే నీళ్లు చాలడం లేదని అర్థం. రెండిట్లోనూ వెలితి ఉంటే ఆ భాగం చాలావరకు బీడైపోయింది, పాత గుండెపోటు మచ్చ.

ఈ స్కాన్‌కి ఒక పెద్ద లోపం ఉంది. ఇది పోల్చి మాత్రమే చెప్తుంది. బాగా తడిసిన చేనుతో పోల్చి మిగతావి ఎంత తక్కువో చూపిస్తుంది. మూడు కాలువల్లోనూ ఒకే రకంగా పూడిక ఉండి మూడు ఆయకట్టులూ సమానంగా ఎండుతున్నాయనుకోండి. పోల్చడానికి తడిసిన చేను లేదు. బొమ్మ సమంగా, చక్కగా కనిపిస్తుంది. జబ్బు అన్నిటికన్నా ఎక్కువ ఉన్న మనిషికి రిపోర్టు నార్మల్ అని వస్తుంది. నా అనుభవంలో ఇలాంటివాళ్లని చూశాను. షుగరు ఉన్న మనిషి, నాలుగడుగులు వేస్తే ఆయాసం, స్కాన్ మాత్రం నార్మల్. అనుమానం వచ్చి సీటీ తీస్తే మూడు నాళాల్లోనూ, ఎడమ ప్రధాన నాళంలోనూ గట్టి పూడిక. రెండు బొమ్మలు కలిపి చూడాలని నేను ఎందుకు పట్టుబడతానంటే మొదట గుర్తొచ్చేది ఆ మనిషే. బైపాస్ చేయించుకుని ఇప్పుడు బాగున్నారు.

దీనికి తిరుగుగా కూడా జరుగుతుంది. ఆడవాళ్లలో రొమ్ము, లావుపాటి వాళ్లలో డయాఫ్రం (ఛాతీకీ పొట్టకీ మధ్య ఉండే కండ పొర) ఆ కిరణాలని కొంత మింగేస్తాయి. లేని వెలితి ఉన్నట్టు కనిపిస్తుంది. స్కాన్‌తో పాటే తక్కువ మోతాదు సీటీ తీసి సరిచేసే యంత్రాలు అందుకే వచ్చాయి.

పెట్ స్కాన్ ఈ పోలిక సమస్యని దాటుతుంది. ఒక్కో గ్రాము కండకి నిమిషానికి ఎన్ని మిల్లీలీటర్ల రక్తం అందుతోందో అంకెల్లో చెప్తుంది. మూడు ఆయకట్టులూ ఎండినా అంకె తగ్గి కనిపిస్తుంది. మరి అందరికీ అదే ఎందుకు చేయకూడదు? అందులో వాడే పదార్థాలు నిలవ ఉండవు. రుబీడియం సగం ఆయువు 76 సెకన్లు. అమ్మోనియా అయితే సుమారు 10 నిమిషాలు, దాన్ని తయారుచేసే సైక్లోట్రాన్ అనే పెద్ద యంత్రం పక్కనే ఉండాలి. చిన్న ఊళ్లకి ఇప్పట్లో వచ్చేది కాదు. ఎంఆర్ఐలో రేడియేషన్ అసలుండదు, కండలో మచ్చ ఎంత, ప్రాణం ఉన్న భాగం ఎంత అన్నది దానంత బాగా ఇంకేదీ చెప్పలేదు. స్ట్రెస్ ఎకోలోనూ రేడియేషన్ లేదు, ఖర్చు తక్కువ, కానీ చేసేవాళ్ల చేతి అనుభవం మీద చాలా ఆధారపడుతుంది.

మందు ఎక్కించి చేసే చాలా పరీక్షల్లో అడినోసిన్ రకం మందు వాడతాం. కాఫీ, టీల్లోని కెఫీన్ దాన్ని పనిచేయనివ్వదు. ముందు రోజు నుంచే రెండూ మానమని చెప్తే, పొద్దున్నే ఒక్క గుక్కేనండీ అంటారు. ఆ ఒక్క గుక్కతో జబ్బున్న మనిషికి నార్మల్ అని రిపోర్టు వచ్చే ప్రమాదం ఉంది. దయచేసి తాగకండి.

ఇప్పుడు అసలు విషయం, కలపడం. ఒక లెక్క చెప్తాను, కాస్త ఓపిగ్గా వినండి. ఆమ్‌స్టర్‌డామ్‌లో పసిఫిక్ అని ఒక అధ్యయనం జరిగింది, 2017లో అచ్చయింది. 208 మందికి సీటీ, న్యూక్లియర్ స్కాన్, పెట్ మూడూ చేశారు. తర్వాత అందరికీ నాళాల్లోకి సన్నటి తీగ పంపి, అడ్డుకి ముందూ వెనకా ఒత్తిడి కొలిచారు. వెనక ఒత్తిడిని ముందు ఒత్తిడితో భాగిస్తే వచ్చే అంకెని ఎఫ్‌ఎఫ్‌ఆర్ అంటాం, 0.80 లేదా అంతకన్నా తక్కువైతే ఆ అడ్డు నిజంగా రక్తాన్ని ఆపుతోందని లెక్క. దాంతో పోల్చి చూస్తే, జబ్బున్న 100 మందిలో సీటీ 90 మందిని పట్టింది, కానీ జబ్బు లేని 100 మందిలో 60 మందినే లేదని చెప్పగలిగింది. పెట్ 87 మందిని పట్టింది, లేని 100 మందిలో 84 మందిని సరిగ్గా వదిలేసింది.

ఈ అంకెలతో మన ఊళ్లో 100 మంది ఛాతీ నొప్పి వాళ్లని ఊహించుకుందాం. 20 మందికి నిజంగా అడ్డు ఉంది, 80 మందికి లేదు. ముందు అందరికీ సీటీ చేశాం. 20 మందిలో 18 మంది దొరికారు. 80 మందిలో 48 మందిని బాగున్నారని పంపేశాం, 32 మంది మీద ఊరికే అనుమానం పడింది. ఇక్కడ ఆపేస్తే 50 మందిని యాంజియోకి పంపాలి. అలా కాకుండా ఆ 50 మందికి మాత్రమే పెట్ చేశామనుకోండి. 18 మందిలో సుమారు 16 మంది మిగులుతారు, 32 మందిలో సుమారు 5 మందే మిగులుతారు. యాంజియోకి వెళ్లేది 21 మంది, వాళ్లలో 16 మందికి నిజంగానే జబ్బుంది.

అదే 100 మందికీ రెండు పరీక్షలూ ఒకేసారి చేసి, ఏ ఒక్కటి తేడాగా ఉన్నా యాంజియో అంటే ఏమవుతుంది? జబ్బున్నవాళ్లు దాదాపు అందరూ దొరుకుతారు. కానీ లేనివాళ్లు సుమారు 40 మంది కూడా ఆ గొట్టం కిందికి వెళ్తారు. పెద్ద ప్యాకేజీల్లో జరిగేది ఇదే. రెండు పరీక్షల తప్పులూ వేర్వేరు మనుషుల మీద పడతాయనుకుని వేసిన లెక్క ఇది, నిజ జీవితంలో కాస్త అటూఇటూ ఉంటుంది. ఆమ్‌స్టర్‌డామ్ వాళ్లు కూడా రెండు బొమ్మలు కలిపి, రెండిట్లోనూ తేడా ఉంటేనే జబ్బు అని లెక్కపెట్టి చూశారు. అనవసరపు అనుమానాలు తగ్గాయి, తప్పిపోయినవాళ్లు పెరిగారు, మొత్తం కచ్చితత్వం మాత్రం పెట్ ఒక్కటే చేసినదాన్ని దాటలేదు. ఎక్కువ బొమ్మలు తీస్తే ఎక్కువ నిజం తెలుస్తుందని నేనూ ఒకప్పుడు నమ్మాను. ఈ ఫలితం చూశాక మానుకున్నాను.

మరి నా లెక్కలో తప్పిపోయిన ఆ నలుగురి సంగతేంటి అని మీరు అడగాలి. ఇద్దరు సీటీ దగ్గర తప్పిపోయారు. మిగతా ఇద్దరు పెట్ దగ్గర. ఆ రెండో ఇద్దరికి సీటీలో పూడిక కనిపించింది కదా, యాంజియోకి వెళ్లకపోయినా వాళ్లకి మందులు మొదలవుతాయి. వరస పెట్టి చేసినప్పుడు దొరికే లాభం ఇదే. చేనుని చూసే పరీక్ష నార్మల్ వచ్చినా, కాలువలో చూసిన పూడికని ఎవరూ మర్చిపోరు.

ఆ మందుల విలువ ఎంతో స్కాట్లండ్‌లో తేలింది. స్కాట్-హార్ట్ అనే అధ్యయనంలో 4,146 మంది ఛాతీ నొప్పి వాళ్లని తీసుకుని, సగం మందికి మామూలు వైద్యం, సగం మందికి దానితో పాటు సీటీ యాంజియో చేశారు. 5 ఏళ్లకి గుండె జబ్బుతో మరణం గానీ గుండెపోటు గానీ మామూలు వైద్యం వాళ్లలో 3.9 శాతం, సీటీ చేసినవాళ్లలో 2.3 శాతం. రెండు గుంపుల్లోనూ స్టెంట్లు, బైపాస్‌లు దాదాపు సమానమే. తేడా ఎక్కడొచ్చిందంటే, గోడలో కొవ్వు కళ్లతో చూశాక స్టాటిన్ (కొలెస్ట్రాల్ తగ్గించే మందు), ఆస్పిరిన్ సరైనవాళ్లకి మొదలుపెట్టారు. మా మేనమామ కాగితం తీసి చూసినప్పుడల్లా నాకు ఈ అంకెలు గుర్తొస్తాయి. ఆయనకి స్టెంట్ కాదు, రాత్రిపూట ఒక మాత్ర కావాల్సింది.

ఇంకొక రకం కలపడం ఉంది. రెండు బొమ్మల్నీ కంప్యూటర్లో ఒకదాని మీద ఒకటి పరిచేయడం. గుండె కండని మేం 17 భాగాలుగా గీసుకుని, ఈ భాగం ఈ నాళానిది అని ఒక పటం పెట్టుకున్నాం. కానీ దేవుడు అందరికీ ఆ పటం ప్రకారం కాలువలు తవ్వలేదు. కొందరికి కుడి నాళం వెనక గోడ అంతా తడుపుతుంది, కొందరికి ఎడమది తడుపుతుంది. స్కాన్‌లో వెనక గోడ ఎండింది, ఏ కాలువకి మరమ్మతు చేయాలి? సీటీలో ఆ మనిషి సొంత నాళాలు తీసి, వాటి మీద రక్తం అందని చోటుని రంగులో పరిస్తే ఏ కొమ్మది తప్పో తెలిసిపోతుంది. రెండు మూడు చోట్ల అడ్డులున్నప్పుడు ఏ ఒక్కదానికి స్టెంట్ వేయాలో తేల్చడానికి ఇది చాలా పనికొస్తుంది. స్టెంట్ ఒకటి వేస్తారా మూడు వేస్తారా అన్నది ఇక్కడే తేలుతుంది.

సీటీ యంత్రం ఒక్కదానితోనే రెండు పనులూ చేయించే ప్రయత్నాలూ ఉన్నాయి. కోర్-320 అనే అధ్యయనంలో సీటీతో నాళాలు తీసి, మందు ఎక్కించి మళ్లీ సీటీతోనే కండలో రక్తం పంపకం చూశారు. రెండూ కలిపి చదివితే, నాళాలు ఒక్కటే చూసినదానికన్నా మంచి ఫలితం వచ్చింది. ఇంకో దారి ఎఫ్‌ఎఫ్‌ఆర్-సీటీ. అందులో కొత్త బొమ్మ ఏమీ తీయరు. ఉన్న సీటీ బొమ్మ మీద ద్రవాల ప్రవాహ సూత్రాలు వేసి, ఎక్కడ ఒత్తిడి ఎంత తగ్గుతుందో కంప్యూటర్ లెక్కకడుతుంది. కాలువలో దిగకుండా దాని కొలతలు చూసి నీటిమట్టం చెప్పే ఇంజనీరు లెక్కలాంటిది. కొలతలు సరిగ్గా లేకపోతే, అంటే సున్నం ఎక్కువై బొమ్మ చెదిరితే, ఆ లెక్కా చెదురుతుంది.

నిజాయితీగా ఇంకో మాట చెప్పాలి. సీటీలో అనుమానం వచ్చాక రెండో పరీక్ష చేస్తే అన్నీ తేలిపోతాయనుకోకండి. డెన్మార్క్‌లో సరిగ్గా ఇదే వరసలో చేసి చూశారు. సీటీలో అనుమానం వచ్చినవాళ్లకి ఎంఆర్ఐ గానీ న్యూక్లియర్ స్కాన్ గానీ చేశారు, తర్వాత తీగతో కొలిచారు. నిజంగా అడ్డున్నవాళ్లలో సగం మందిని కూడా రెండో పరీక్ష పట్టలేకపోయింది. కాబట్టి రెండో పరీక్ష నార్మల్ వచ్చినా నొప్పి తగ్గకపోతే, మందులు వాడుతున్నా నడిస్తే ఛాతీ పట్టేస్తుంటే, మళ్లీ రండి. రిపోర్టు కన్నా మీ ఒళ్లు చెప్పేది పెద్దది.

పోనీ తప్పిపోయినంత మాత్రాన ప్రాణం పోతుందా? 2020లో ఇస్కీమియా అనే అధ్యయనం వచ్చింది. 37 దేశాల్లో 5,179 మంది, అందరికీ చేనుని చూసే పరీక్షల్లో మధ్యరకం నుంచి తీవ్రమైన తేడాలున్నాయి. ముందే చాలామందికి సీటీ తీసి ఎడమ ప్రధాన నాళంలో అడ్డున్నవాళ్లని పక్కకి తీసేశారు. మిగతావాళ్లలో సగం మందికి వెంటనే యాంజియో, స్టెంట్ లేదా బైపాస్ అన్నారు, సగం మందికి మంచి మందులు. సుమారు మూడేళ్లు చూస్తే మరణాల్లో, గుండెపోట్లలో చెప్పుకోదగ్గ తేడా లేదు. నొప్పి ఎక్కువగా ఉన్నవాళ్లకి స్టెంట్ వల్ల హాయి దొరికింది, అది తక్కువ లాభం కాదు. కానీ నొప్పి స్థిరంగా ఉన్న మనిషిని రాత్రికి రాత్రి భయపెట్టి పరుగులు పెట్టించాల్సిన పని లేదు. ఇక్కడ కూడా గమనించండి, ఆ ధైర్యం ఇచ్చింది రెండు పరీక్షల జోడీయే. చేను ఎంత ఎండిందో ఒకటి చెప్పింది, పెద్ద కాలువ తలుపు బాగుందని ఇంకొకటి చెప్పింది. ఇది స్థిరంగా ఉన్న నొప్పి సంగతి. కూర్చున్నప్పుడే ఛాతీ పట్టేసి చెమటలు పోస్తే ఈ పరీక్షలేవీ కాదు, వెంటనే ఆసుపత్రికి వెళ్లి ఈసీజీ తీయించాలి.

ముందు వరసలో అమ్మలు చాలామంది కూర్చున్నారు, మీకోసం ఒక సంగతి. వివరాలు మార్చి చెప్తున్నాను. ఒక టీచరుగారు, 51 ఏళ్లు. బోర్డు మీద రాస్తుంటే ఛాతీ బిగుసుకుపోయేది. యాంజియో చేశారు, నాళాలు శుభ్రంగా ఉన్నాయి. గ్యాస్ అన్నారు, టెన్షన్ అన్నారు, ఇంట్లోవాళ్లు కూడా మెల్లగా అదే నమ్మారు. రెండేళ్లు అలా గడిచాయి. చివరికి ఎంఆర్ఐలో రక్తం పంపకం చూస్తే, గుండె లోపలి అంచు చుట్టూ రక్తం చాలడం లేదు. పెద్ద కాలువలు బాగున్నాయి, బోదెలు బాగాలేవు. యాంజియోలో గానీ సీటీలో గానీ ఆ బోదెలు కనిపించనే కనిపించవు, అంత సన్నవి. ఇది ఆడవాళ్లలో ఎక్కువగా చూస్తాం. మందులు మార్చాక ఆమె తేరుకున్నారు. నొప్పి నిజమేనని ఎవరో ఒకరు చెప్పినందుకే ఆమె ఆ రోజు ఏడ్చారు.

రేడియేషన్ గురించి క్లుప్తంగా. ప్రకృతి నుంచే మనిషికి ఏడాదికి సగటున సుమారు 2.4 మిల్లీసీవర్టుల (రేడియేషన్ కొలిచే ప్రమాణం) రేడియేషన్ వస్తుంది. కాల్షియం స్కోరుకి సుమారు 1, కొత్త యంత్రాల మీద సీటీ యాంజియోకి చాలావరకు 5 లోపు, న్యూక్లియర్ స్కాన్‌కి సుమారు 10. అవసరమైన పరీక్షకి భయపడాల్సినంత కాదు, ఏటా సరదాగా చేయించుకునేంత తక్కువా కాదు.

ఇక మీ ప్రశ్నలు.

(ఒక పెద్దాయన: డాక్టరుగారూ, మా అబ్బాయి బెంగళూరు నుంచి వచ్చి ప్యాకేజీ కట్టించాడు. కాల్షియం స్కోరు 310 వచ్చింది. నాకు నొప్పీ లేదు, ఆయాసం లేదు. రోజూ గంట నడుస్తాను. స్టెంట్ వేయించుకోవాలా?)

బాబాయిగారూ, మీ ఫైలు చూడకుండా పూర్తిగా చెప్పలేను. కానీ ఆ స్కోరు ఒక్కటి చూసి ఎవరైనా స్టెంట్ అంటే ఒప్పుకోవద్దు. 310 అంటే గోడలో జబ్బు ఉందని అర్థం, దారి మూసుకుపోయిందని కాదు. మీకు కొలెస్ట్రాల్ మందు కావాలి, బీపీ, షుగరు అదుపులో ఉండాలి. రోజూ గంట నడిచే మనిషికి నడకలో ఏ ఇబ్బందీ లేదంటే వెంటనే రెండో బొమ్మ అక్కర్లేదు. ఒకటి చేయండి. మీరు నడిచే దూరం ఎంతో రాసుకోండి. ఆరు నెలల తర్వాత అదే దూరానికి ఆగాల్సి వస్తుంటే, అప్పుడు మీకు చేనుని చూసే పరీక్ష చేయిద్దాం. సీటీ యాంజియో అయితే ఆ సున్నం వల్ల మీకు అనుమానమే మిగలొచ్చు.

(ఒక మహిళ: మావారికి రెండు స్టెంట్లు వేసి నాలుగేళ్లయింది. ఇప్పుడు మళ్లీ నడిస్తే బరువుగా ఉంటోందంటున్నారు. సీటీ తీయించమంటారా?)

తల్లీ, ముందు ఒకటి చెప్పండి. ఆ బరువు కూర్చున్నప్పుడు కూడా వస్తోందా? లేదు, నడిస్తేనే అంటున్నారు, పెరగకుండా ఒకేలా ఉంటోందంటున్నారు. సరే. స్టెంట్ లోహం కదా, సన్నటి స్టెంట్ అయితే లోపల ఏముందో సీటీలో సరిగ్గా కనిపించదు. ఆయనకి కాలువలో జబ్బుందని మనకి ముందే తెలుసు, ఇప్పుడు తెలియాల్సింది చేను సంగతి. స్ట్రెస్ ఎకో గానీ న్యూక్లియర్ స్కాన్ గానీ దగ్గర్లో ఏది బాగా చేస్తారో అది చేయించండి. పాత యాంజియో సీడీ తప్పకుండా పట్టుకెళ్లండి. రెండూ పక్కపక్కన పెట్టి చూస్తేనే, వెలితి ఉన్న చోటు పాత స్టెంట్ నాళానిదా, ఇంకోదానిదా అని తెలుస్తుంది. సీడీ ఎక్కడుందో తెలియదంటున్నారా? స్టెంట్ వేసిన ఆసుపత్రిలో పాత నంబరు చెప్పి అడగండి. రేపే అడగండి, వాయిదా వేయొద్దు.